అగ్ని గుర్రం ఏడాది: ఫలితాలు ఎలా పుడతాయి, ఎక్కడ పనిచేస్తాయి?

చైనా పంచాంగంలో 2026 ఫిబ్రవరి 17 నుంచి 2027 ఫిబ్రవరి 5 వరకు గుర్రం ఏడాది. అందులోనూ అగ్ని గుర్రం, అరవై ఏళ్లకోసారి వచ్చేది. హాంకాంగ్, తైవాన్, సింగపూర్, మలేసియాల్లో ఇలాంటి ఏడాది రాకముందే ఫలితాల పుస్తకాలు దుకాణాలకు వచ్చేస్తాయి. వాటి సారాంశం మన దగ్గరికి వాట్సాప్ ఫార్వర్డుగానో, యూట్యూబ్ వీడియోగానో, ఆదివారం అనుబంధంలో అరపేజీగానో చేరుతుంది. ఎలుక ఏడాదిలో పుట్టినవాళ్లు జాగ్రత్త, పులి ఏడాది వాళ్లకు కలిసొస్తుంది, దక్షిణం గోడ కదపొద్దు, వాయవ్యంలో లోహపు గంటలు కట్టండి. చదివి నమ్మేవాళ్లున్నారు, నవ్వేసేవాళ్లున్నారు. అసలు ఈ మాటలు ఎలా పుట్టాయని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

ఈ ఫలితాలు రాయడానికి ఆకాశం వైపు చూడనక్కర్లేదు. 2026 ఫిబ్రవరి 17 అమావాస్య నాడే అంటార్కిటికా మీద వలయ సూర్యగ్రహణం పట్టింది. జంతు ఫలితాల లెక్కలో దానికి చోటే లేదు. ఉన్నదల్లా రెండు గుణింతాలు. ఒకటి అరవై ఏళ్ల చక్రం, రెండోది తొమ్మిది గళ్ల చదరం. ఈ రెండూ తెలిస్తే 2026 ఫలితాలే కాదు, 2326 ఫలితాలూ ఈ పూటే రాసిపెట్టొచ్చు.

మొదట అరవై ఏళ్ల చక్రం. చైనావాళ్లు పది కాండాలు, పన్నెండు శాఖలు అని రెండు వరసలు పెట్టుకున్నారు. పది కాండాలకు అయిదు తత్వాలు, తత్వానికి రెండేసి. పన్నెండు శాఖలకు పన్నెండు జంతువులు: ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, మేక, కోతి, కోడి, కుక్క, పంది. రెండు వరసలూ ఒక్కో అడుగు వేసుకుంటూ పోతే అరవై అడుగులకు మళ్లీ మొదటి జోడీ కలుస్తుంది. దీన్ని ఇంగ్లిషు సంవత్సరం నుంచి ఎవరైనా లెక్కకట్టుకోవచ్చు. చివరి అంకె 4, 5 అయితే కొయ్య. 6, 7 అయితే అగ్ని. 8, 9 భూమి. 0, 1 లోహం. 2, 3 నీరు. సరిసంఖ్య యాంగ్ (పురుష స్వభావం), బేసి యిన్ (స్త్రీ స్వభావం). జంతువు కావాలంటే సంవత్సరాన్ని 12తో భాగించి శేషం చూడాలి. శేషం 4 వస్తే ఎలుక, అక్కడినుంచి వరసగా. 2026కి శేషం 10, అంటే గుర్రం. చివరి అంకె 6, అంటే అగ్ని. ఇంతకు మించి లోపల రహస్యమేమీ లేదు.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో పుట్టినవాళ్లు మాత్రం ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. తెలుగులో తిరిగే పట్టికలు చాలామటుకు జనవరి 1తోనే జంతువును మార్చేస్తాయి. 1990లో చైనా కొత్త సంవత్సరం వచ్చింది జనవరి 27న. కాబట్టి ఆ ఏడాది జనవరి 20న పుట్టినవారిది గుర్రం కాదు, పాము. ఇక చైనా జ్యోతిష్కుల్లోనే ఇంకో తగువు ఉంది. జన్మకాలాన్నిబట్టి జాతకం వేసేవాళ్లు చాంద్రమాన సంవత్సరాదిని పట్టించుకోరు. వాళ్లకు ఏడాది మారేది ఫిబ్రవరి 4 ప్రాంతంలో వచ్చే లిచున్ నాడు, అంటే సౌరమానంలో వసంతానికి తొలిరోజున. ఆ లెక్కన 2026 ఫిబ్రవరి 10న పుట్టిన బిడ్డ ఒక పుస్తకంలో పాము, ఇంకో పుస్తకంలో గుర్రం. రెండు పుస్తకాలూ ఒకే దుకాణంలో పక్కపక్కనే అమ్ముడుపోతాయి.

జోడీ తెలిశాక ఫలితం అల్లడం తేలిక. కొయ్య నుంచి అగ్ని, అగ్ని నుంచి భూమి, భూమి నుంచి లోహం, లోహం నుంచి నీరు, నీటి నుంచి కొయ్య పుడతాయి. మరో వరసలో కొయ్య భూమిని, భూమి నీటిని, నీరు అగ్నిని, అగ్ని లోహాన్ని, లోహం కొయ్యను అణుస్తాయి. మన పంచభూతాలతో దీన్ని కలపకూడదు. ఇందులో వాయువూ ఆకాశమూ లేవు, వాటి చోట కొయ్యా లోహమూ ఉన్నాయి. గుర్రం స్వతహాగా అగ్ని జంతువు. 2026లో పైన కాండమూ అగ్నే. అంటే నిప్పు మీద నిప్పు. ఇక రచయిత కలం ఆగదు. అగ్నికి చెందిన వ్యాపారాలంటూ విద్యుత్తు, ఎలక్ట్రానిక్స్, కృత్రిమ మేధ, వినోదం ఊపందుకుంటాయంటాడు. అగ్ని లోహాన్ని కరిగిస్తుంది కాబట్టి బ్యాంకులు, బంగారం, యంత్రాల రంగం ఒడుదొడుకుల పాలవుతాయంటాడు. ఎండలు, కోపతాపాలు, గుండెజబ్బులు సరేసరి. బంగారం పెరిగితే అగ్ని దాన్ని పుటం పెట్టిందని, తగ్గితే కరిగించిందని రాసుకునే వీలు మిగిలే ఉంటుంది. గోడమీద పిల్లి వాటమంటే ఇదే.

ఎవరికి బాగుంటుంది, ఎవరికి ఉండదన్నది గడియారం ముఖంలాంటి వలయం మీద కొలత. పన్నెండు జంతువులను గుండ్రంగా పేర్చితే గుర్రానికి సరిగ్గా ఎదురుగా ఎలుక పడుతుంది, అది ఘర్షణ. నాలుగేసి గళ్ల దూరంలో ఉన్న పులి, కుక్క మిత్రులు. మేక జత. ఎద్దు, కుందేలు కొంత చేటు. సొంత జంతువు ఏడాది మాత్రం మంచిది కాదంటారు, ఇది మనవాళ్లకు వింతగా అనిపించే సంగతి. గుర్రం ఏడాదిలో పుట్టినవాళ్లకు 12, 24, 36, 48, 60 ఏళ్ల వయసులో వచ్చే గుర్రం ఏడాది గండం. అందుకే ఆ ఏడంతా ఎర్ర లోదుస్తులు, ఎర్ర మేజోళ్లు, ఎర్ర నడుంపట్టీ వేసుకునే అలవాటు చైనాలో చదువుకున్న నగర యువతలోనూ పోలేదు.

గండం ఎందుకంటే ఆ ఏడాది అధిపతి తైసుయ్‌తో తలపడాల్సి వస్తుందట. తైసుయ్ పుట్టుక మాత్రం ఖగోళంలోనే. గురుగ్రహం సూర్యుణ్ని చుట్టి రావడానికి 11.86 ఏళ్లు పడుతుంది. పాతకాలపు చైనా గణకులు దాన్ని 12గా సర్దుకుని, గురుడికి ఎదురు దిశలో తిరిగే ఒక ఊహా గ్రహాన్ని కల్పించుకున్నారు. అదే తైసుయ్. ఆ కల్పిత గ్రహానికి రానురాను అరవైమంది సేనాధిపతుల రూపాలొచ్చాయి. బీజింగ్ శ్వేతమేఘ ఆలయంలో, హాంకాంగ్ వాంగ్ తాయ్ సిన్ ఆలయంలో ఇప్పుడు ఆ అరవై విగ్రహాలకూ మందిరాలున్నాయి. నిజం గురుడితో లంకె ఏనాడో తెగిపోయింది. గోదావరి పుష్కరాలు 2015 తర్వాత 2027లో వస్తున్నదీ ఆ గురుడి చుట్టుతిరుగుడు వల్లే. తేడా ఏమిటంటే, మన పుష్కరాలకు గురుడు నిజంగా రాశి మారాలి. చైనా గుర్రానికి ఆ పట్టింపు లేదు.

మన ప్రభవాది అరవై సంవత్సరాలదీ ఇదే కథ. అవీ బార్హస్పత్యమానంలోంచి, అంటే గురుడి గమనాన్నిబట్టి కట్టే లెక్కలోంచి వచ్చినవే, దక్షిణాదిలో గురుడి గమనంతో సరిచూసుకోవడం మానేశాం. టిబెట్‌లో రెండు చక్రాలూ ఒకటిగా కలిశాయి. వాళ్ల అరవై ఏళ్ల వరస 1027లో మొదలైంది; తొలి ఏడాది ప్రభవ, జంతువు అగ్ని కుందేలు. 1987 కూడా అంతే, మనకు ప్రభవ, వాళ్లకు అగ్ని కుందేలు. అక్కడినుంచి వేళ్లమీద లెక్కపెడితే 2026లో మన పరాభవ, చైనా అగ్ని గుర్రం ఒకే వరుసలో నిలుస్తాయి. ఆ టిబెట్ లెక్కకు ఆధారం కాలచక్ర సంప్రదాయం. దాన్ని బుద్ధుడు బోధించింది ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో అని టిబెటన్ల నమ్మిక. 2006 జనవరిలో దలైలామా అమరావతి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చింది ఆ గౌరవంతోనే.

ఇక రెండో గుణింతం, ఫెంగ్‌షుయ్. మొదట్లో ఇది సమాధులకూ ఇళ్లకూ చోటు చూసే విద్య. కొండ ఏ వైపు, నీరు ఏ వైపు, గాలి ఎటునుంచి అని చూసేది. దానికీ ఏడాదికీ సంబంధమేమిటి? నేల మారదు కదా. ఆ సంబంధం కలపడానికే ‘ఎగిరే నక్షత్రాలు’ వచ్చాయి. మూడు మూళ్ల చదరంలో 1 నుంచి 9 అంకెలు, ఎటు కూడినా 15. మన నవగ్రహ యంత్రాల్లో సూర్య యంత్రంలోనూ ఈ మొత్తమే వస్తుంది. మొదటి అమరికలో మధ్యన 5 ఉంటుంది. ఏటా మధ్య అంకె ఒకటి తగ్గుతుంది. 2024లో 3, 2025లో 2, 2026లో 1, 2027లో మళ్లీ 9. మధ్య అంకె వేశాక మిగతావి ఒకే దారిలో నడుస్తాయి: వాయవ్యం, పడమర, ఈశాన్యం, దక్షిణం, ఉత్తరం, నైరుతి, తూర్పు, ఆగ్నేయం. 2026కి వేసి చూస్తే వాయవ్యంలో 2 పడింది, అది రోగాల అంకె. దక్షిణంలో 5, అన్నిటికన్నా చెడ్డది. తూర్పున 8, ఆగ్నేయాన 9, ధనానికీ శుభకార్యాలకూ మంచివి. దక్షిణంలోనే తైసుయ్ కూడా కూర్చున్నాడు, గుర్రం దిక్కు అదే కాబట్టి. అందుకే ఈ ఏడాది ప్రతి ఫలితంలోనూ దక్షిణం వైపు తవ్వొద్దు, పగలగొట్టొద్దు అనే హెచ్చరిక. 5 భూమి తత్వం. భూమి లోహాన్ని కని నీరసిస్తుంది. కాబట్టి ఆరు కడ్డీల లోహపు గంటలు వేలాడదీయాలి. పరిహారం వెనక తర్కం అంతవరకే.

ఈ చదరం ప్రపంచంలో ప్రతి ఇంటికీ ఒక్కటే. విజయవాడ అపార్టుమెంటుకూ వాంకూవర్ బంగళాకూ 2026లో దక్షిణమే చెడు. తొమ్మిదేళ్లకు, అంటే 2035లో, మళ్లీ ఇదే పటం వస్తుంది. కొండను, నీటిని, గాలిని చూసి చెప్పాల్సిన విద్య ఏ ఇల్లూ చూడకుండానే అన్ని ఇళ్లకూ ఒకే మాట చెప్పడం మొదలెట్టిందంటే, ఆ మాట నేలను చూసి పుట్టింది కాదు. ఏటా కొత్తగా అమ్మడానికి ఏదో ఒకటి ఉండాలన్న అవసరంలోంచి పుట్టిందనుకోవడమే సబబు.

తెలుగు నాట ఆ అమ్మకం ఎక్కువగా గిఫ్టు షాపుల్లో కనిపిస్తుంది. నవ్వే బుద్ధుడు, నోట్లో నాణెంతో మూడుకాళ్ల కప్ప, ఎర్ర రిబ్బనుకు కట్టిన మూడు నాణేలు, గాజుకుండీలో లక్కీ బాంబూ. నవ్వే బుద్ధుడు గౌతముడు కాదు, బుదాయ్ అనే చైనా సన్యాసి. లక్కీ బాంబూ వెదురే కాదు, డ్రసీనా అనే ఆఫ్రికా మొక్క. వాటివల్ల ఎవరికీ నష్టం లేదు. చిక్కల్లా వాస్తుతో కలిపి వాడబోయినప్పుడే. మన వాస్తులో దక్షిణం యముడి దిక్కు. దక్షిణముఖం ప్లాటంటే కొనేవాళ్లు వెనకాడతారు. చైనాలో చక్రవర్తి సింహాసనమే దక్షిణం చూస్తుంది. వీపున కొండ, ముందు నీరు, ఎదుట ఎండ ఉన్న ఇల్లే మేలైన ఇల్లు. అక్కడి చలికాలపు ఉత్తరగాలిని తలచుకుంటే అందులో అబ్బురమేమీ లేదు. అగ్నిమూల మనకు ఆగ్నేయం, వాళ్లకు దక్షిణం. ఇంకా చిత్రం, ఫెంగ్‌షుయ్ పెద్ద లెక్కలో 2024 నుంచి 2043 దాకా నడిచే తొమ్మిదో ఘట్టం అగ్నిది, దాని అంకెకు సొంత దిక్కు దక్షిణమే. కాబట్టి ఒకే దక్షిణం ఇరవై ఏళ్ల లెక్కలో బలం, ఏడాది లెక్కలో ప్రమాదం, వాస్తులో యమస్థానం. ముగ్గురు సలహాదారులను పిలిచిన ఇంటాయన గతి ఏమిటో చెప్పక్కర్లేదు.

‘కానీ నిజమయ్యాయి కదా’ అనే వాదన ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అగ్ని గుర్రానికి చైనా చరిత్రలో చెడ్డపేరుంది. 1126 అగ్ని గుర్రం, 1127 అగ్ని మేక. ఆ రెండేళ్లలోనే ఉత్తరాది జుర్చెన్ తెగవాళ్లు చైనా సోంగ్ వంశపు రాజధాని కైఫెంగ్‌ను పట్టుకుని చక్రవర్తులను చెరపట్టుకుపోయారు. 1906లో సాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం, దాంతోపాటు అగ్నిప్రమాదం. 1966లో చైనాలో మావో సాంస్కృతిక విప్లవం. జాబితా బాగానే భయపెడుతుంది. అయితే ఈ ఆట ఎవరైనా ఆడొచ్చు. 1966నే మన వైపునుంచి చదవండి: అగ్ని లోహాన్ని కరిగిస్తుందన్నారుగా, జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు, ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఉద్యమం రగిలి నవంబర్ 1న విశాఖలో కాల్పుల దాకా వెళ్లింది. నిప్పు, ఉక్కు, తుపాకీ, ఇంతకన్నా అతికే ఫలితం ఏం కావాలి? లాల్ బహదూర్ శాస్త్రి మరణం మాత్రం ఇందులో ఇమడదు. ఆయన పోయింది జనవరి 11న; గుర్రం ఏడాది వచ్చింది జనవరి 21న. ఇలాంటివి జాబితాలోంచి చడీచప్పుడు లేకుండా జారిపోతాయి. చైనాను కోట్లమంది ప్రాణాలు తీసి కుదిపేసిన 1959-61 కరువు పంది, ఎలుక, ఎద్దుల ఏళ్లలో వచ్చింది. వాటికి అగ్ని గుర్రమంత చెడ్డపేరు లేదు.

హాంకాంగ్‌లో ఇలాంటి ఘటన ఒకటి ఇప్పటికీ చెప్పుకుంటారు. షాటిన్‌లోని చే కుంగ్ ఆలయంలో కొత్త సంవత్సరం మొదటి రోజుల్లో నగరం తరఫున ఒకరు వెదురు గొట్టం ఊపి ఒక పుల్ల రాలుస్తారు. పుల్ల మీది అంకెనుబట్టి ఆ ఏటి శకునం. 2003లో హోం వ్యవహారాల కార్యదర్శి పాట్రిక్ హో తీసిన పుల్ల అశుభం. కొద్ది వారాల్లో సార్స్ అనే ప్రాణాంతక శ్వాసకోశ వ్యాధి వచ్చింది. జులై 1న లక్షలమంది ప్రభుత్వానికి వ్యతిరేకంగా రోడ్డెక్కారు. ఆ తర్వాత ప్రభుత్వాధికారులు ఆ పుల్ల జోలికి పోలేదు, గ్రామీణ సంఘం నాయకుడికి అప్పజెప్పేశారు. శకునాన్ని నమ్మినా నమ్మకపోయినా, దానితో వచ్చే అప్రతిష్ఠ నిజం అని పాలకులు గ్రహించారన్నమాట. అదే నగరంలో సీఎల్‌ఎస్‌ఏ అనే బ్రోకరేజీ సంస్థ 1992 నుంచి సరదాగా ఫెంగ్‌షుయ్ సూచీ విడుదల చేస్తోంది. జోక్ అని వాళ్లే చెబుతారు. ఖాతాదారులు మాత్రం ఏటా చదువుతారు.

ఫలితాలు గ్రహాలవల్ల కాదుగానీ మనుషులవల్ల నిజమైన చోటు ఒకటుంది, పురుళ్ల లెక్క. 2024 ఫిబ్రవరి 10 నుంచి 2025 జనవరి 28 దాకా డ్రాగన్ ఏడాది. డ్రాగన్ బిడ్డ అదృష్టవంతుడు. చైనాలో 2023లో 90.2 లక్షలకు పడిపోయిన జననాలు 2024లో 95.4 లక్షలకు లేచాయి. అదే చాంద్రమాన సంవత్సరంలో లిచున్ పడలేదు. వసంతం లేని ఏడాదిని ‘వితంతు సంవత్సరం’ అంటారు, పెళ్లికి పనికిరాదు. పెళ్లి నమోదులు 76.8 లక్షల నుంచి 61.06 లక్షలకు కూలిపోయాయి. బిడ్డకు మహాయోగం, ఆ బిడ్డను కనాల్సిన పెళ్లికి మహాదోషం, రెండూ ఒకే ఏడాదిలో. పెళ్లిళ్లు తగ్గడానికి ఉద్యోగాలు, ఇళ్ల ధరలు, కోవిడ్ తర్వాత వాయిదా పెళ్లిళ్లన్నీ 2023లోనే అయిపోవడం వంటి బలమైన కారణాలున్నాయి. మొత్తం వితంతు సంవత్సరం ఖాతాలో వేయడం సరికాదు. 2025 పాము ఏడాదిలో అధికమాసం పడి రెండు లిచున్‌లు వచ్చాయి, పెళ్లికి శ్రేష్ఠమన్నారు. మనకు అధికమాసమంటే ముహూర్తాలే ఉండవు, అక్కడ అదే వరం. పెళ్లిళ్లు మళ్లీ పెరిగిన మాట నిజమే. 2025 మే నుంచి దేశంలో ఎక్కడైనా నమోదు చేసుకోవచ్చని ప్రభుత్వం నిబంధన మార్చిన మాటా నిజమే.

తైవాన్‌లో గీత ఇంకా స్పష్టం. 2010 పులి ఏడాదిలో జననాలు 1.67 లక్షలు, 2012 డ్రాగన్ ఏడాదిలో 2.29 లక్షలు. ఆ అదృష్టవంతులంతా ఒకేసారి బడిలో చేరతారు, ఒకేసారి ప్రవేశ పరీక్షలు రాస్తారు, ఒకేసారి ఉద్యోగాలు వెతుకుతారు. యోగం కోసం ఎంచుకున్న ఏడాదే పోటీని పెంచుతుంది.

అగ్ని గుర్రం విషయంలో అసలు భయం చైనాది కాదు, జపాన్‌ది. ఆ ఏడాది పుట్టిన ఆడపిల్ల భర్తను మింగేస్తుందని అక్కడి మూఢనమ్మకం. ప్రియుణ్ని మళ్లీ చూడాలని ఎదోలో (నేటి టోక్యోలో) నిప్పుపెట్టి 1683లో సజీవదహన శిక్షకు గురైన ఓషిచి అనే పిల్ల 1666 అగ్ని గుర్రంలో పుట్టిందన్న జనశ్రుతి దీనికి ఊతమిచ్చింది. 1906లో చాలా కుటుంబాలు ఆడపిల్లల పుట్టిన తేదీని ముందుకో వెనక్కో జరిపి రాయించాయి. 1966 నాటికి గర్భనిరోధక సాధనాలొచ్చాయి, రాయించే పని లేకపోయింది. 1965లో 18.2 లక్షల జననాలు, 1966లో 13.6 లక్షలు, 1967లో 19.4 లక్షలు. బుల్లెట్ రైళ్లు పరుగెడుతున్న దేశంలో ఒక్క ఏడాదికి నాలుగోవంతు పిల్లలు తగ్గిపోయారు. స్త్రీకి సగటున 1.58 బిడ్డలనే ఆ అంకె జపాన్ జనాభా పటంలో గంటు పెట్టినట్టు నేటికీ కనిపిస్తుంది. 1989లో సగటు 1.57కు దిగినప్పుడు దేశం ఉలిక్కిపడింది కూడా, ఏ మూఢనమ్మకమూ లేకుండానే 1966 కన్నా కిందికి పోయామని.

ఇప్పుడు ఆ గుర్రం మళ్లీ వచ్చింది. 2024లో జపాన్ జననాలు 6.86 లక్షలు, సగటు 1.15. 1966లో పిల్లల్ని ఒక ఏడాది వాయిదా వేసుకున్న దంపతులకు ముందూ వెనకా కనే ఉద్దేశం ఉంది. ఈనాటి జంటల్లో చాలామంది పెళ్లి చేసుకునేది ముప్పైకి అటూ ఇటూగా, ఒక ఏడాది వదులుకునే తీరిక వాళ్లకు లేదు. అత్తగారి జంకు కోసం ఆగే కోడళ్లూ తక్కువే. కాబట్టి 1966 నాటి గంటు ఈసారి పడకపోవచ్చు, పడినా మామూలు తగ్గుదలలో కలిసిపోయి కంటికి ఆనకపోవచ్చు. జపాన్ ఆరోగ్యశాఖ ఏటా జూన్‌లో ముందటేడు జననాల లెక్క చెబుతుంది; 2026 లెక్క 2027 జూన్‌లో వస్తుంది. ఈ ఏటి ఫలితాలన్నిట్లో అంకెలతో తేల్చి చూడదగ్గది ఆ ఒక్కటే.